చేను పోయిందని రాస్తే చాలా బాగుందన్నారు

మనవళ్లూ మనవరాళ్లూ, మీరు ఫోన్‌లో నన్ను ఏడిపిస్తుంటారు కదా, "అవ్వకు కోపమే రాదు" అని. వస్తుంది. నా గొంతు చిన్నది కాబట్టి మీ దాకా వినిపించదు, అంతే. ఈసారి చలిరోజుల్లో, అనపకాయల కాలంలో వచ్చిన కోపం ఇంకా దిగలేదు. అదేమిటో చెబుతాను.

మా చెల్లెలి మనవరాలు నా దగ్గరే ఉండి బీఎడ్ చదువుతోందని మీకు తెలుసు. పొద్దున్నే పుంగనూరులో బస్సెక్కి మదనపల్లె కాలేజీకి పోయి సాయంత్రానికి వస్తుంది. రేపు టీచరమ్మ కావలసిన పిల్ల. వాళ్లకు ఈ ఏడు ఒక కొత్త పని పెట్టారు. రామకుప్పం వైపు ఒక బడిలో ఏడో తరగతికి సొంతంగా బ్లాగు ఉంది. పిల్లలు కాగితం మీద రాసినవి వాళ్ల సారు టైపు చేసి అందులో పెడతాడు. కాబోయే టీచర్లు అవి చదివి, కింద నాలుగు మంచి మాటలు రాసి పిల్లలకు ధైర్యమివ్వాలి. వినగానే నాకెంతో నచ్చింది. నా చిన్నప్పుడు నేను రాసినదాన్ని మా అయ్యవారు తప్ప ఇంకో మనిషి చదివిన పాపాన పోలేదు.

ఆ సాయంత్రం నేను వాకిట్లో కూర్చుని నానిన అనపగింజలు పితుకుతున్నాను. పితికిపప్పు తినడమే మీకు తెలుసు. ఒక్కో గింజనూ వేళ్ల మధ్య పట్టి నొక్కాలి. తోలు చేతిలో మిగులుతుంది, పప్పు గిన్నెలో పడుతుంది. తొందరపడితే కాదు. ఆ పిల్ల నా పక్కన గోడకానుకుని ఫోన్ మీద బొటనవేలు ఆడిస్తోంది. నేను పిడికెడు పప్పు పితికేలోగా ఆమె తరగతి మొత్తాన్నీ మెచ్చుకోవడం అయిపోయింది.

"అప్పుడే అయిపాయనా మే?"

"అయిపాయ అవ్వా. మాటలు మా కాలేజీ గ్రూపులో పెట్టేసినారు. కాపీ చేసి అతికించేదే. స్క్రీన్‌షాట్ తీసి మేడమ్‌కు పంపిస్తే మార్కులేస్తారు."

"ఏం మాటలో?"

"చాలా బాగుంది, ఇలాగే కొనసాగించు, శుభాకాంక్షలు."

"అందరికీ అదేనా?"

"ఒక్కొక్కరికి ఒక్కో రకం రాస్తా కూర్చుంటే తెల్లారిపోతాదవ్వా."

"యాదో ఒకటి సదువు, ఇంటాను" అన్నాను. చేతులకు పని ఉంది గానీ చెవులు ఖాళీయే కదా.

చదివింది. ఒక ఆడపిల్ల రాసింది అది. అడవిలోంచి ఏనుగులు దిగి, కోతకొచ్చిన రాగిచేను తొక్కేశాయట. నాయన మంచె మీద నిలబడి డబ్బా కొట్టాడట, టపాకాయలు కాల్చాడట. అవి కదల్లేదట. పొద్దున అమ్మ తొక్కుడుపడిన చేలో కూర్చుని మట్టిలోంచి వెన్నులు ఏరుతుంటే తనూ పక్కన కూర్చుని ఏరిందట. చివర ఇలా ఉంది: "మా నాయన నన్ను బడి మానిపించి బెంగళూరులో అత్త దగ్గరికి పనికి పంపిస్తానంటున్నాడు. నాకు పోవాలని లేదు. ఏం చేయాలో తెలిస్తే ఎవరైనా చెప్పండి."

దాని కింద వరసగా, ఒకరి తర్వాత ఒకరు: చాలా బాగుంది. ఇలాగే కొనసాగించు. శుభాకాంక్షలు. మా పిల్లది కూడా ఉంది, పక్కన ఒక పూలగుత్తి బొమ్మతో.

ఆ బొమ్మ దగ్గరికి వచ్చేసరికి ఫోన్ బోర్లా పెట్టేసింది.

"ఏం బాగుండాది మే దాంట్లో?" అన్నాను. "ఏనుగులు తొక్కిందా, వాళ్లమ్మ మన్నులో ఏరుకునిందా? యాది కొనసాగించమంటావు?"

"నేనొక్కదాన్నే కాదు కదవ్వా."

"ఆ ఏనుగులు గూడా గుంపుగానే వచ్చినాయి."

నేను అరవలేదు. గిన్నె పక్కకు జరిపాను. ఆ రోజు పితికిపప్పు చేయలేదు.

మరుసటి రోజు మా పిల్ల కాలేజీలో మేడమ్‌కు చెప్పింది. "పిల్లల ఇంటి విషయాల జోలికి పోవద్దు. పాజిటివ్‌గా రాయమన్నాం, అంతవరకు చెయ్యి" అందట ఆవిడ. టీచర్లను తయారుచేసే మనిషి అన్న మాట అది. మా పిల్ల ఊరుకోక ఆ బడి సారుకు ఫోన్ చేసింది. టీకొట్టు దగ్గర ఎవరో తమ ఫోన్‌లో ఆ మాటలు చేను సంగతి రాసిన పిల్ల నాయనకు చూపించారట, ఆయన చెప్పాడు. చేను పోయిన సంగతి రాసిందని తెలుసుకున్నాడే గానీ, పైన కూతురు రాసింది ఆయన చదవలేదు. కింద ఊరూపేరూ లేనివాళ్లు బాగుంది బాగుంది అన్నది మాత్రం చూశాడు. తన నష్టాన్ని ఎగతాళి చేశారని ఆ రోజు నుంచి పిల్లను బడికి పంపడం లేదట.

"రాసింది తుడిపేస్తానవ్వా" అంది మా పిల్ల.

"తుడపద్దు. ఉండనీ. ఆదివారం బయల్దేరు, నేనూ వస్తాండాను."

పలమనేరులో బస్సు మారి కుప్పం, అక్కణ్నుంచి ఇంకో బస్సు, చివర ఆటో. ఆ సారే మమ్మల్ని చేను దాకా తీసుకుపోయి ఫలానా అని చెప్పాడు. తల్లీ పిల్లా కాస్త అవతల నిలబడి ఉన్నారు, పిల్ల నాయన గట్టు మీద కూర్చున్నాడు. లేవలేదు.

"రాండమ్మా. బాగుండాదా మా చేను? బాగా సూసి పోండి" అన్నాడు.

మా పిల్ల తల వంచుకుని, "సదవకుండా రాసినానన్నా" అంది.

"సదవకుండా రాసేటోళ్లు నా కూతురికి సదువు సెప్తారా?"

ఆయన కోపమూ నా కోపమూ ఒకటే. కాకపోతే ఆయన పరాయివాళ్ల మీద పడ్డాడు, నేను నా ఇంటి పిల్ల మీద పడ్డాను.

"నిజమేనప్పా" అన్నాను. "దానికే పిలుచుకొచ్చినాను. నీ కూతురు రాసింది ఈడ నిలబడి సదవనీ. ఇన్నాక నువ్వు ఎంత తిట్టినా పడతాది."

మా పిల్ల నిలబడి చదివింది. డబ్బా కొట్టిన చోట ఆయన మంచె వైపు చూశాడు. వెన్నులు ఏరిన చోట వాళ్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నాకు పోవాలని లేదు" అన్న చోట ఆయన కూతురి వైపు తిరిగాడు.

"ఇది నాకు సెప్పనేలేదే నువ్వు?"

"సెప్తే ఇంటావా నువ్వు?" అంది ఆ పిల్ల.

గట్టు మీంచి లేచి అన్నాడు: "ఉగాది దాకా బడికి పోనీ. ఆ పైన సూస్తాం." మమ్మల్ని భోజనానికి మాత్రం ఉండమనలేదు.

మా పిల్ల ఇప్పుడు ఆ బ్లాగులో కొందరికే రాస్తోంది. ఒకటికి రెండుసార్లు చదివి, ఒక ప్రశ్న అడిగి వదిలేస్తుంది. ప్రోత్సాహం చాలలేదని మేడమ్ మార్కులు తగ్గించింది. ఆ మూడు మాటలు అతికించినవాళ్లకు నిండుగా వేసింది. మీరు కూడా ఫోన్‌లో నేను ఏం చెప్పినా "సూపర్ అవ్వా" అంటుంటారు. ఇకమీదట వినకపోతే వినలేదని చెప్పండి, నేనేమీ అనుకోను.

మొన్న ఆ బడి పిల్ల మళ్లీ రాసింది, వాళ్ల నాయన కొత్త మంచె కడుతున్నాడని. కింద ఎవరో అప్పుడే అతికించేశారు: చాలా బాగుంది. ఇలాగే కొనసాగించు.

దాని కింద ఆ పిల్ల జవాబు ఉంది, ఒకే మాట: "ఏది?"