పెద్దాడి కాజాలు

దర్జీ పెద్దకొడుక్కి యాభై దాటాయి. మెడలో టేపు, పళ్ళ మధ్య సూది, మీసం చివర ఎండిన టీ మరక. తండ్రి సగం తాగి వదిలేసిన టీ అతనే తాగుతాడు, చల్లారి మీగడ కట్టినా సరే. తండ్రి దగ్గితే కఫం అరచేత్తో పట్టి, ప్యాంటుకు తుడుచుకుంటాడు. ముసలాయనకు చూపు పోయి ఏడేళ్ళయింది. అయినా కొట్లోంచి ఏ కోటు బయటికి పోవాలన్నా గుండీలు పట్టే కాజాలను ఆయన బొటనవేలితో తడిమి చూడాల్సిందే. ఆ వేలు తన కుట్టు మీద పాకుతున్నంతసేపూ పెద్దాడు ముద్ద కోసం కాచుకున్న కుక్కలా నోరు తెరుచుకుని చూస్తాడు. మెచ్చుకోలు మాత్రం ఎప్పుడూ తమ్ముడికే.

మొన్న తమ్ముడు లేని సమయం చూసి, వాడు కుట్టిన కోటు తనదని చెప్పి తండ్రి ఒళ్ళో పెట్టాడు. తను కుట్టింది వాడిదన్నాడు. ముసలాయన మొదటిదాని మీద వేలు ఆనించి మొహం చిట్లించాడు.

"ఎలకలు కొరికినట్టున్నాయిరా కాజాలు. ఇంత వయసొచ్చినా నీకు చెయ్యి కుదర్లేదు."

రెండోది తడిమి, మూడు పళ్ళ నోటితో నవ్వాడు. "ఇదిరా పనంటే. నీ తమ్ముణ్ణి చూసి నేర్చుకో."

ఇప్పుడైనా నిజం కక్కుతాడనుకుంటాం. పెద్దాడు తను కుట్టిన ఆ రెండో కోటును గుండెకు హత్తుకుని, చొంగ తుడుచుకుని, "అవును నాన్నా, వాడి చెయ్యే వేరు" అన్నాడు. మర్నాడు కూడా తమ్ముడు గడప దాటేదాకా ఆగి, కోట్లు మార్చే ఇచ్చాడు.