పాఠం ఎట్లుండాదని ఆయాలనడిగిన సిస్టరమ్మ

మా ఆస్పత్రి పెద్ద నర్సు సిస్టరమ్మ పోయిన వారం ఎమ్మిగనూరులో కన్నుమూశారు. కబురు తెచ్చిన ఒకప్పటి ఆయాలు ఏడుస్తూ మొదలుపెట్టి, ఆమె మాటలు తలుచుకుని నవ్వుతూ ముగించారు. ఆమెకు తగిన నివాళి అదే.

ఆస్పత్రుల్లో కింది సిబ్బందికి పని మీద మనసు లేదని అధికారులు ఉపన్యాసాలిస్తుంటారు. మనసు ఎక్కణ్ణుంచి వస్తుందయ్యా? పని నేర్పరు. నేర్పినా, ఆ నేర్పడం వాళ్లకు నచ్చిందా అని అడగరు. తప్పు జరిగితే మాత్రం అరుస్తారు. ఈ కోపం నాకు పంతొమ్మిది వందల డెబ్బైల్లోనే ఉండేది. ఆదోనిలో ఒక ఆస్పత్రి మందుల గదిలో పనిచేస్తూ ఉద్యోగుల సంఘం నడిపేవాణ్ణి. సిస్టరమ్మ ఆయాలకు రోగిని ఎత్తే, దించే పాఠాలు మొదలుపెడితే ఆమెతోనూ తగాదాకు దిగాను.

“ముందు జీతాలు పెంచమనండి. పాఠాలు తర్వాత.”

“జీతం కోసరం నువ్వు కొట్లాడప్పా, నీ ఎనకాల నేనూ వస్తా. అంతవరకు వీళ్లు భయపడుకుంటానే పని సెయ్యాల్నా?”

వాదన మానేసి పాఠం చూడ్డానికి వెళ్లాను. అది అరుదు.

పాఠం అయ్యాక ప్రతిసారీ ఆమె అడిగేవారు: “ఎట్లుండాది? బాగలేకుంటే మొగం మీదే సెప్పండి.” అందరూ “బాగుండాదమ్మా” అనేవారు. పత్తి మిల్లు మాని కొత్తగా చేరిన కాశింబి మాత్రం ఒక రోజు లేచి నిలబడింది.

“ఏం బాగలేదమ్మా. మీరు నోటితో సెప్తే నా సేతులకు యాడ తెలుస్తాది? రోగిని ఎత్తాలంటే వణుకొస్తాంది. పడేస్తే? నేను మిల్లుకే పోతా.”

సిస్టరమ్మ పకపకా నవ్వి, టోపీ తీసి పక్కన పెట్టి, స్ట్రెచర్ మీద పడుకున్నారు.

“రాండి, ఎత్తండి. నేను రోగిని. తిట్టేది నా హక్కు.”

భారీ మనిషి. ఎత్తగానే స్ట్రెచర్ ఒక పక్కకు ఒరిగింది. “తల పక్క పైకెత్తు కాశింబీ! మెల్లగా తల్లీ, నేనింకా సావలేదు!” వరండాలో రోగులు లేచి కూర్చున్నారు. “సిస్టరమ్మకు పెద్ద సూది ఎయ్యండి!” అని ఒక ముసలాయన కేకేశాడు.

మంచం మీదికి దింపాక ఆమె అడిగారు: “ఇప్పుడెట్లుండాది?”

“ఇంగొకసారి పండుకోండమ్మా” అంది కాశింబి.

డ్యూటీ దిగినా ఎవరూ ఇంటికి కదల్లేదు. కాశింబి మిల్లు మాట మళ్లీ ఎత్తలేదు. రోగి వేషానికి మనుషులు చాలక చివరికి నన్ను స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు. ఎట్లా ఎత్తాలో పడుకునే చెప్పబోయాను.

“ఊరికుండన్నా, రోగులు ఇంత వాదించరు” అంది తల వైపు పట్టుకున్న కాశింబి.

స్ట్రెచర్ లేచి ముందుకు కదిలింది. ఆయాల నవ్వుల మధ్య, పైన వరండా కప్పు ఒక్క కుదుపూ లేకుండా మెల్లగా వెనక్కి జారిపోతోంది.