ముక్కు మీద నీటిచుక్క

మా తమ్ముడు ఇరవై ఆరేళ్ళుగా ఇస్త్రీ పని చేస్తున్నాడు. ఇన్నేళ్ళలో ఒకే ఒక్కటి తప్ప బట్ట కాల్చింది లేదు. అక్కని కాబట్టి చెప్పడం లేదు, మా వీధిలో ఎవరినడిగినా ఇదే మాట చెబుతారు. పట్టయినా, నూలయినా, ఉన్ని అయినా కళ్ళు మూసుకుని వేలితో తడిమి అది ఎంత వేడికి ఓర్చుకుంటుందో చెప్పేస్తాడు. ఒకసారి నాటకాలవాళ్ళు నూట పది జతలు పొద్దున పడేసి సాయంత్రానికి కావాలన్నారు. ఇచ్చాడు. తెర లేచేసరికి ఒక్కరి దుస్తుల మీద కూడా ముడత లేదు. నేను పల్లెటూరి బడిలో ఐదో తరగతి దాకా చదివినదాన్ని, నాకు ఇంతకన్నా సొంపుగా రాయడం రాదు. కానీ వాడి గురించి ఎవరో ఒకరు రాసిపెట్టాలి కదా.

ఇంటి ముందుగదే వాడి కొట్టు. ఒక బల్ల, రెండు ఇస్త్రీపెట్టెలు, గోడనిండా కొక్కేలు. ఆ గదిలోకి పిల్లినిగానీ కుక్కనిగానీ గడప తొక్కనిచ్చేవాడు కాదు. నల్లప్యాంటు మీద తెల్లవెంట్రుక ఒక్కటి కనబడినా మళ్ళీ మొదటినుంచీ పనే. మా మరదలు పదకొండేళ్ళుగా కుక్కపిల్ల కావాలని అడుగుతోంది, వాడు పదకొండేళ్ళుగా వద్దంటున్నాడు. ఈసారి ఆమె అడగకుండానే తెచ్చేసింది. దిక్కులేని జంతువుల్ని పెంచేచోట ఒక ఈతలో పుట్టిన ఆరింటిలో ఐదింటిని ఎవరెవరో తీసుకుపోగా మిగిలినదట. ఒళ్ళంతా తెలుపు, చెవులు బిర్రుగా నిలబడి ఉన్నాయి. గంజి పెట్టినట్టున్నాయని దానికి గంజి అనే పేరు పెట్టింది. తమ్ముడు కొట్టుకీ ఇంటికీ మధ్య తలుపు వేసుకున్నాడు.

తెచ్చిన మూడోరోజు గంజికి వాంతులు మొదలయ్యాయి, వెంటనే విరేచనాలు. ఆ బిర్రు చెవులు రెండూ వాలిపోయాయి. పశువుల డాక్టరు చూసి పేగుల జబ్బన్నాడు. సూది వేసి, చర్మం కింద సెలైన్ ఎక్కించి, రోజూ పొద్దున తీసుకురమ్మన్నాడు. మందులషాపులో అమ్మే ఉప్పూచక్కెర పొడి నీళ్ళలో కలిపి, పది నిమిషాలకోసారి కొంచెం కొంచెంగా పట్టమన్నాడు. బలవంతంగా గొంతులో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుందట. అలాగని అసలు తాగకపోతే రెండు రోజులకన్నా బతకదని కూడా మొహమాటం లేకుండా చెప్పేశాడు.

మరదలు చెంచాతో పట్టింది, మూతి తిప్పేసుకుంది. దూదితో పెట్టింది, పళ్ళు బిగించింది. సగం పొద్దు అలాగే గడిచాక వచ్చి తలుపు తెరిచి నిలబడింది.

"నావల్ల కావట్లేదండీ. ఇది కళ్ళు కూడా తెరవట్లేదు" అంది.

తమ్ముడు ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి లోపలికి వెళ్ళాడు. కొట్టులోనే కూర్చుని ఉన్న నేనూ వెనకాలే వెళ్ళాను. వాడి చిలకరింపు గురించి ఇక్కడ చెప్పాలి. అందరూ నీళ్ళు చల్లడానికి పిచికారీ సీసాలు కొనుక్కున్నా వాడు కొనలేదు. గిన్నెలో ఐదు వేళ్ళూ ముంచి ఒక్క విదిలింపు విదిలిస్తే బట్ట మీద మంచు పడ్డట్టుంటుంది, ఎక్కడా పెద్ద చుక్క పడదు. ఆ ఉప్పూచక్కెర నీళ్ళలో వేళ్ళు ముంచి, అంతే మెత్తగా దాని ముక్కు మీద విదిలించాడు. ముక్కు తడి కాగానే గంజి నాలుక బయటికి వచ్చింది. నాకింది. మళ్ళీ విదిలించాడు, మళ్ళీ నాకింది.

"తాగమంటే తాగదట గానీ ముక్కు తుడుచుకోవడానికి అభ్యంతరం లేదు" అన్నాడు.

"అచ్చం మీ పోలికే" అంది మరదలు కళ్ళు తుడుచుకుంటూ. "అన్నానికి రమ్మంటే రారు, రుచి చూడమంటే గిన్నె ఖాళీ చేస్తారు."

ఆ పూటే కుక్కపిల్ల బుట్ట కొట్టులోకి వచ్చేసింది, సరిగ్గా బల్ల కిందికి. బల్ల మీద రెండు గిన్నెలు. ఒకదాంట్లో బట్టలకి మంచినీళ్ళు, రెండోదాంట్లో గంజికి మందునీళ్ళు. ఒక చొక్కా పూర్తికాగానే వంగి ముక్కు మీద ఒక విదిలింపు. అలా ఎన్ని చొక్కాలో.

మర్నాడు మధ్యాహ్నం నా కళ్ళముందే జరిగింది. వకీలుగారి తెల్లచొక్కా మీద చిలకరించి ఇస్త్రీపెట్టె నడిపాడు. పాకం వాసన వచ్చింది. చెయ్యి తప్పి రెండో గిన్నెలో పడిందన్నమాట. చక్కెర మాడి, చొక్కా రొమ్ము మీద అరచేయంత మచ్చ. వాడు ఇస్త్రీపెట్టె ఎత్తి పట్టుకుని అలాగే చూస్తుండిపోయాడు.

"కుక్కపిల్లని లోపలికి పంపించెయ్‌రా, నీ పేరు పోతుంది" అన్నాను.

"పేరు సంగతి తర్వాత చూద్దాం అక్కా. చొక్కా ఎలాగూ పోయింది. ఇదీ పోతే నేను తట్టుకోలేను" అన్నాడు. మందునీళ్ళ గిన్నెని బల్ల మీదనుంచి తీసి కిందపెట్టి, వంగి, గంజి ముక్కు తడిపాడు.

సాయంత్రం వకీలుగారు వచ్చారు. మా వీధిలో ఆయనతో వాదించి గెలిచినవాళ్ళు లేరు. ఇంకా కాలేదు, రేపు రండి అంటే సరిపోయేది. వాడు అలా అనలేదు. మచ్చ పైకి కనబడేలా చొక్కాని బల్ల మీద పరిచి, పొరపాటు తనదేనన్నాడు. ఎలా జరిగిందని ఆయన అడిగితే బల్ల కిందికి చూపించాడు. వకీలుగారు వంగి చాలాసేపు చూశారు.

"కోటు వేసుకుంటే కనబడదులేవయ్యా, ఇటివ్వు" అన్నారు లేచి.

"క్షమించండి సార్. మచ్చతో ఉన్నది నా చేతిమీదుగా బయటికి పోదు" అని చొక్కా తనే ఉంచుకున్నాడు. ఆ మచ్చ ఎన్ని ఉతుకులకీ వదల్లేదు. అలాంటి బట్టే వెతికి తెచ్చి, కొత్తది కుట్టించి, ఇస్త్రీ చేసి ఆయన ఇంటికి వెళ్ళి ఇచ్చి వచ్చాడు.

అది తర్వాత మాట. ఆ రెండు రోజులూ గంజి లేవలేదు. పొద్దున డాక్టరు దగ్గరికి, అక్కణ్ణుంచి బల్ల కిందికి, ముక్కు మీదికి నీళ్ళు. మరదలు బట్టలు మడతపెడుతూ చొక్కాకి ఒకసారి గుర్తుచేసేది, వాడు ఒక్కసారి కూడా విసుక్కోలేదు. జబ్బు పడిన మూడోరోజు వాంతి ఆగింది. నాలుగోరోజు పొద్దున మామూలుగానే వంగి, వేళ్ళు ముంచి విదిలించబోయాడు. గంజి లేచింది. కాళ్ళు తూలుతుంటే బుట్ట అంచు దాటి వచ్చి, వాడి చేతిని ముక్కుతో పక్కకి నెట్టి, గిన్నెలో మూతి పెట్టి చప్పుడు చేస్తూ తాగింది.

తమ్ముడు తడిచేతిని గాల్లో అలాగే పట్టుకుని కూర్చుండిపోయాడు. పెళ్ళాన్ని పిలవాలని కూడా తోచలేదు వాడికి. నేనే పిలిచాను.