బటన్ మీద వేలు

ఆ వీధిలో అందరూ ఆమెను గడియారాల అక్క అనేవారు. బ్యాటరీలు, పట్టీలు మార్చడం భర్త పని. కీ ఇచ్చే పాత గడియారం ఏదొచ్చినా ఆమె బల్ల మీదికే చేరేది.

ఒకరోజు ఒక అమ్మాయి చేతిగడియారం తెచ్చింది. టైము చూపడమే కాక, పక్కనున్న బటన్ నొక్కితే సన్నటి ముల్లొకటి పరుగు తీసే రకం. మళ్లీ నొక్కితే ఆగుతుంది, మూడోసారి నొక్కితే సున్నాకి వస్తుంది.

"మా నాన్నది. ఈత నేర్పేవాడు. పోయినేడాది చనిపోయాడు. బటన్ పట్టడం లేదక్కా," అంది.

అక్క వెనక మూత విప్పి, భూతద్దం కంటికి పెట్టుకుంది. బటన్ తోసే చిన్న ఉక్కు మీట కొన అరిగి గుండ్రంగా అయిపోయింది. ఏళ్ల తరబడి నొక్కితే వచ్చే అరుగుదల అది. అలాంటి మీట ఇప్పుడెక్కడా దొరకదు. ఉక్కు రేకు కోసి, ఆకురాయితో రుద్ది, కాల్చి నూనెలో ముంచి కొత్తది చేసింది. నడక సరిచూద్దామని రోజూ కీ ఇస్తూ, గాజు మూత కింద పెట్టింది.

వారం తిరక్కుండానే కొత్త మీట కూడా అరిగిపోయింది. అచ్చం పాతదానిలాగే.

"నువ్వు చేసింది ఉక్కుతోనా, సబ్బుతోనా?" అన్నాడు భర్త.

ఆమెకు నవ్వు రాలేదు. "నేనసలు బటన్ ముట్టుకోనేలేదండీ."

ఇంకో మీట చేసి బిగించింది. మర్నాడు ఉదయం కొట్టు ఊడుస్తుంటే టిక్కుమని వినిపించింది. గాజు మూత కింద ముల్లు పరుగెడుతోంది! అర నిమిషం దాటాక మరో టిక్కు. ఆగింది. సున్నాకి వచ్చింది. కాసేపటికి మళ్లీ మొదలు. ఆ రోజు నుంచి పొద్దున్నే అదే వరస. ఒళ్లు జలదరించినా, భర్త ఎగతాళి చేస్తాడని ఆమె నోరు మెదపలేదు.

పని ఎంతవరకు వచ్చిందో కనుక్కుందామని అమ్మాయి వచ్చింది. జుట్టు తడిగా ఉంది.

"ఈతకెళ్తున్నావా అమ్మా?"

"నాన్న పోయాక మానేశానక్కా. గడియారం మీకిచ్చిన మర్నాడే ఎందుకో మళ్లీ మొదలుపెట్టా. మీ వెనక సందు కొలనులోనే, పొద్దున్నే, ఎవరూ రాకముందు. అమ్మక్కూడా చెప్పలేదు."

"ఆ చివర నుంచి ఈ చివరికి ఎంతసేపు పడుతుంది?"

"అర నిమిషం పైనేమో. ఇప్పుడు లెక్క చూసేవాళ్లెవరున్నారు?"

అక్క గాజు మూత వైపు చూడలేకపోయింది.

ఒక ఉదయం ముల్లు బయల్దేరింది. ఆగలేదు. ఒక చుట్టు పూర్తిచేసి రెండో చుట్టులో పడింది. అక్క చీపురు పారేసి, తలుపులు బార్లా వదిలేసి, వెనక సందులోని ఈత కొలనుకు పరుగెత్తింది. గేటు దగ్గర కాపలాదారు పేపరు చదువుకుంటున్నాడు.

"నీళ్లల్లో పిల్ల!" అని అరిచింది.

పిక్క పట్టేసి అమ్మాయి అడుగుకు జారిపోతోంది. అతను బట్టలతోనే దూకి బయటికి లాగాడు.

నీళ్లు కక్కి తేరుకున్నాక అమ్మాయి అడిగింది. "నేను కేకైనా వెయ్యలేదు. మీకెలా తెలిసిందక్కా?"

"అటుగా వెళ్తున్నా," అని అక్క అబద్ధమాడింది.

తిరిగొచ్చేసరికి ముల్లు ఇంకా తిరుగుతూనే ఉంది. మూత తీసి ఆపబోయింది. బటన్ దిగలేదు. ఎంత గట్టిగా నొక్కితే అంత గట్టిగా ఎదురు తోసింది, లోపలి నుంచి ఎవరి వేలో అడ్డుపడుతున్నట్టు.

ఆమె గడియారం మీదికి వంగింది.

"పైకి తీశారన్నయ్యా," అంది మెల్లగా. "పిల్ల బాగానే ఉంది."

బటన్ దిగింది.

ఆ తర్వాత మీట అరగలేదు. అమ్మాయి గడియారం తీసుకెళ్లింది. ఇప్పుడు తల్లిని వెంటబెట్టుకుని ఈతకు వెళ్తోందట. అక్క మాత్రం ఉదయం పూట కొట్టు ఒంటరిగా తీయడం మానేసింది. భర్త తాళం తీసి, లైటు వేసి, "రావే, ఎవరూ లేరు," అన్నాకే గుమ్మం దాటుతుంది.