రాఘవమ్మతో ఎక్కిన గుమ్మాలు

"నాలుగు చోట్ల వడ్డీ కట్టేకంటే ఒక్కచోట కట్టడం తేలిక కాదా అమ్మా? ఆ ఫైనాన్స్ ఆయనే అన్నీ తీర్చేస్తానంటున్నాడు."

"తీరుస్తాడు సరే. పొలం మీద అమ్మకం అగ్రిమెంటు ఎందుకంట?"

"ఊరికే, నమ్మకానికి. బాకీ తీరగానే చించేస్తాడు."

"నమ్మకానికైతే నీ సంతకం చాలదా? నాది దేనికి?"

"పొలం నీ పేరున ఉంది కాబట్టి. రేపు పొద్దున సత్తెనపల్లి రమ్మన్నాడు. నువ్వు రాకపోతే నా పరువు పోతుంది."

"పరువు నాలుగు చోట్ల ఎప్పుడో తాకట్టు పెట్టావు గదరా శ్రీనూ."

నా కొడుకు మెట్లు దిగిపోయాడు. డాబా మీద ఇంటి వాడకానికి ఆరబోసిన మిరపకాయల ముందు నేను మిగిలాను. ఎండ దిగుతున్నా ఘాటు తగ్గలేదు. రెండు తుమ్ములు తుమ్మి, కళ్ళు ఒత్తుకుని, కాయలు ఎత్తడం మొదలుపెట్టాను. ఉన్నది రెండెకరాలు. వాడు ఇంకో నాలుగు కౌలుకు చేశాడు. పురుగుమందుల కొట్లో, గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారి దగ్గర, బంగారం పెట్టిన చోట, కౌలు ఇవ్వాల్సిన ఆసామి దగ్గర బాకీలు పడ్డాడు. ధర వస్తుందని కోల్డ్ స్టోరేజీలో పెట్టిన బస్తాలు అక్కడే ఉన్నాయి. వాడు తాగి తగలేసింది లేదు, పేకాడింది లేదు. వాణ్ణి తిట్టడానికి కూడా నాకు ఓపిక చాలడం లేదు.

ఈ ఘాటు ముక్కుకు తగిలితే నాకు రాఘవమ్మక్క గుర్తొస్తుంది. తొడిమలు తీసే ఆడకూలీలకు ఆమె మేస్త్రి. కాయల రోజుల్లో మా ఊరి నుంచి మమ్మల్ని ఆటోలో కుక్కి గుంటూరు షెడ్లకు తీసుకెళ్ళేది. పొడుగ్గా, ఎండు కంపలా ఉండేది. రెండోసారి టీకి లేస్తే అందరి ముందూ కడిగేసేది. నేను మూడో తరగతి దాకా చదివానని తెలిసి తూకం దగ్గర కూర్చోబెట్టింది. "అక్షరాలు వచ్చు గదా, కళ్ళు కూడా తెరుచుకుని కూర్చో," అంది. మెచ్చుకుందో వెక్కిరించిందో తెలియలేదు. ఆమె దగ్గర పనిచేసినన్నాళ్ళూ అంతే, ఏదీ తెలిసేది కాదు.

మా ఆయన బండి మీంచి పడి కాలు విరిగి మంచాన పడ్డ ఏడాదే పత్తి పోయింది. ఆసుపత్రికని, విత్తనాలకని తలా కొంత తెచ్చి అయిదుగురికి బాకీ పడ్డాం. పొద్దున్నే ఎవరో ఒకరు వచ్చి అరుగు మీద కూర్చునేవారు. షెడ్లో నా తూకం లెక్క తప్పడం చూసి రాఘవమ్మక్క కారణం అడిగింది. చెప్పాను. "అందరికీ కలిపి ఒకడి దగ్గర తీసుకో. ఎవడి దగ్గరన్నది నేను చూస్తా," అంది. ఒక ఆదివారం పని మానుకుని నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది.

మొదట వెళ్ళింది కొత్తగా మేడ కట్టిన ఒకాయన ఇంటికి. కుర్చీలు వేశాడు, మజ్జిగ ఇప్పించాడు. "ఆడకూతురివి, నీ దగ్గర ఎక్కువ తీసుకుంటానా? రూపాయిన్నర వడ్డీ చాలు. కావాలంటే ఇప్పుడే పట్టుకెళ్ళు," అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. "పొలం రోడ్డుకు ఎంత దూరమమ్మా?" అని అడిగాడు. దగ్గరేనని చెప్పబోతుంటే రాఘవమ్మక్క మజ్జిగ గ్లాసు కింద పెట్టి, "లే," అంది. నా చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది.

రెండో ఇంట్లో మేం వచ్చిన పని కూడా చెప్పనివ్వలేదు ఆమె. అరుగు మీద ఊరికే కూర్చోబెట్టింది. చాలాసేపటికి ఒక రైతు వచ్చి బాకీ అణాపైసలతో కట్టేసి, తను రాసిచ్చిన నోటు తిరిగి ఇమ్మన్నాడు. "నోటు మా బావమరిది దగ్గరుంది, తర్వాత రా," అన్నాడు ఇంటాయన. డబ్బు మాత్రం లెక్కపెట్టి లోపల పెట్టుకున్నాడు. బయటికొచ్చాక రాఘవమ్మక్క అంది: "ఇచ్చేటప్పుడు ఇంట్లోనే ఉన్న బీరువా, పుచ్చుకున్నాక బావమరిదింటికి నడిచిపోయింది, చూశావా?"

మూడో ఆయన పిడుగురాళ్ల దగ్గర సున్నం బట్టీ నడిపి మానేసిన ముసలాయన. కూర్చోమని కూడా అనలేదు. "మీ ఆయన ఎప్పటికి లేస్తాడు? పిల్లలెంతమంది? గేదె పాలు అమ్ముతారా, మీరే తాగుతారా? పంట పోతే ఏం పెట్టి కడతావు?" అని గుచ్చిగుచ్చి అడిగాడు. చివరి ప్రశ్నకు నాకు ఏడుపొచ్చింది. "ఏడిస్తే కాదు, ఆలోచించి చెప్పు," అన్నాడు. గేదెను అమ్మి కడతానన్నాను. రెండు రూపాయల వడ్డీ అన్నాడు. ముందుగా తీరిస్తే ఎలా అని రాఘవమ్మక్క అడిగింది. "ఏ రోజు తీరిస్తే ఆ రోజు వరకే. కానీ డబ్బు ఈమె చేతికివ్వను. బాకీదార్ల దగ్గరికి నేనే వస్తా," అన్నాడు.

తిరిగొస్తూ బస్సులో నేను ఉండబట్టలేక అన్నాను, "అన్ని మాటలు పడి, పైగా ఎక్కువ వడ్డీకా అక్కా?"

"ముసలాడు అడిగిందంతా నువ్వు తీర్చగలవా లేదా అని. ఆ మేడాయన అడిగింది ఒక్కటే, పొలం ఎక్కడుందని. నువ్వు తీర్చకపోతేనే వాడికి లాభం. ఇంత చిన్న సంగతి తెలియకుండా మూడో తరగతిలో ఏం చెప్పారే నీకు?"

ముసలాయన అన్న మాట ప్రకారం వచ్చాడు. అయిదుగురి ఇళ్ళకూ వెళ్ళి తనే కట్టి, ఒక్కో నోటూ అడిగి తీసుకుని నా ఎదుటే చించాడు. ఆ వారం కూలి ఇచ్చేటప్పుడు రాఘవమ్మక్క నా కూలిలో ఒక రోజుది కోసుకుంది. "ఆదివారం నా పని పోయింది గదా," అంది. నాకు మండింది. అప్పు ఒకచోట చేరినంత మాత్రాన తగ్గిందేమీ లేదు. పొద్దున్నే అరుగు మీదికి మనుషులు రావడం ఆగింది, అంతే. గేదెను అమ్మాం. నేను తొడిమలు తీస్తూనే ఉన్నాను. తీరడానికి ఏళ్ళు పట్టింది. తీరేనాటికి ఆమె దగ్గుతో షెడ్డు మానేసింది. ముసలాయన నోటు కూడా చించిన సంగతి చెబుదామని వెళితే, "మళ్ళీ తేకు," అని గోడవైపు తిరిగి పడుకుంది. తర్వాత ఎక్కువ కాలం బతకలేదు. నేను ఎవరికైనా చేబదులు ఇవ్వాలన్నా, తేవాలన్నా ఇప్పటికీ ముందు ఆమె చూసినట్టే మనిషిని చూస్తాను.

మర్నాడు పొద్దున శ్రీనుతో సత్తెనపల్లి వెళ్ళాను. ఫైనాన్స్ ఆయన "రండి పెద్దమ్మగారూ" అని కూల్‌డ్రింకు తెప్పించాడు. కాగితాలు ముందే రాయించి పెట్టాడు. బాకీదార్లకు మీరే కడతారా అని అడిగాను. డబ్బు అబ్బాయి చేతికిస్తానన్నాడు. ముందే తీరిస్తే ఎలా అంటే, ఏడాది వడ్డీ ఎటూ కట్టాల్సిందే అన్నాడు. "పంట పోతే ఏం పెట్టి కడతాడని అడగరేమండీ?" అన్నాను. నవ్వి, "పొలం ఉందిగా పెద్దమ్మగారూ," అన్నాడు.

శ్రీను ఆయన మొహం వంక చూశాడు. నేనేమీ అనకముందే వాడే లేచాడు.

అక్కణ్ణుంచి బ్యాంకుకు వెళ్ళాం. వాళ్ళూ పొలం కాగితాలే అడిగారు, కానీ తాకట్టు అన్నారు, అమ్మకం అనలేదు. ఆఫీసరమ్మాయి వాణ్ణి గంటసేపు నిలదీసింది. కౌలెంత, దిగుబడెంత, ఇంట్లో తినేవాళ్ళెందరు అని అడిగింది. వాడు తల వంచుకుని అన్నీ చెప్పాడు. రెండు బాకీలకు సరిపడా రావచ్చు, అదీ పొలం చూసి వెళ్ళాకే అంది. మిగతాది మీరే చూసుకోవాలంది.

బ్యాంకు మెట్ల మీద నిలబడి శ్రీను గుంటూరులో కమిషన్ వ్యాపారికి ఫోన్ చేశాడు. కోల్డ్ స్టోరేజీలో బస్తాలు ఇవాళ్టి ధరకే అమ్మేయమని చెప్పాడు.