చిన్నమ్మ చూపించిన మగ్గాల వీధి

పోయిన శుక్రవారం ఉదయం చిన్నమ్మ పోయింది. నేను ఎల్బీనగర్ కొరియర్ ఆఫీసులో చీరల పార్సెళ్లు ఇస్తుండగా ఆమె కోడలు ఫోన్ చేసి, "అక్కా, అత్తమ్మ లేదు" అంది. నేను బయటకొచ్చి ఫుట్‌పాత్ మీద కూర్చుండిపోయాను. పార్సెళ్లు కౌంటర్ మీదే ఉండిపోయాయని చాలాసేపటికి గాని గుర్తు రాలేదు.

చిన్నమ్మ నాకు చుట్టం కాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో మేం అద్దెకున్న ఇంటి ఓనరమ్మ. కింద వాళ్లు, పైన మేం. ఆమెది పోచంపల్లి దగ్గర ఓ చేనేత ఊరు. మాది గుంటూరు జిల్లా. ఇంట్లో చేరిన రోజున నేను "పిన్నిగారూ" అని పిలిస్తే, "గారు ఏంది బిడ్డా, నేనేమన్న ఆఫీసరునా? చిన్నమ్మా అను" అంది. ఎవరింటికెళ్లినా ముందు కిటికీ పరదాను రెండు వేళ్ల మధ్య పట్టుకుని చూసేది. పెళ్లిళ్లలో ముక్కూమొహం తెలియని ఆడవాళ్ల కొంగు కూడా తిరగేసి చూసేది. వాళ్లు విసుక్కోబోయి, ఆమె మొహం చూసి నవ్వేసేవాళ్లు.

ప్రత్యేక రాష్ట్రం కోసం బందులు జరుగుతున్న రోజులవి. మా ఆయన పాఠాలు చెప్పే కోచింగ్ సెంటర్ వారంలో మూడు రోజులు తెరిస్తే గొప్ప. చివరికి పూర్తిగా మూతపడింది. పోచంపల్లి ఇకత్ చీరలు ఇంటర్నెట్‌లో అమ్ముదామని నేను మొదలుపెట్టాను. మా ఆయన వెబ్‌సైటు తయారుచేశాడు. చీరలు ఎవరి దగ్గర తేవాలో మాత్రం ఇద్దరికీ తెలియదు. పెద్ద దుకాణాల్లో హోల్‌సేల్ ధర అడిగితే నన్ను ఎగాదిగా చూసి పంపేశారు. ఆఖరికి ఇంటర్నెట్‌లో దొరికిన ఓ నంబరుకు ఫోన్ చేశాను. "మీరు ఇంట్లో కూర్చోండి మేడమ్, సరుకు మీ గుమ్మంలోకి వస్తుంది" అన్నాడతను. మచ్చుకు పంపిన చీర నిజంగా బాగుంది. ఉన్నదంతా ఊడ్చి ముప్పై చీరలు తెప్పించాను.

రెండు వారాలు తిరక్కుండానే ఈమెయిళ్లు మొదలయ్యాయి. ఒక్క ఉతుకుకే రంగు పోయిందని ఒకరు, అత్తగారి ముందు పరువు తీశారని ఒకరు. చీరలు ఒక్కొక్కటే వెనక్కి వచ్చాయి. అతని ఫోన్ స్విచాఫ్. సరిగ్గా అప్పుడే బెంగళూరు నుంచి ఒకావిడ, కూతురి పెళ్లిలో ఆడపడుచులకు పెట్టడానికి పన్నెండు చీరలు ఆర్డరిచ్చింది. ఆ ఆర్డరు పోతే దుకాణం మూసి ఊరెళ్లిపోవడమే. మా ఆయన అప్పటికే అటకమీది పెట్టెలు దించి దుమ్ము దులుపుతున్నాడు.

ఇప్పుడు చెప్పబోయేది మా ఆయనకు కూడా ఇంతవరకు చెప్పలేదు. ఆ నకిలీ చీరల్లోనే పన్నెండు ఏరి, ఇస్త్రీ చేసి, మెట్ల మీద కూర్చుని ప్యాక్ చేయడం మొదలుపెట్టాను. మధ్యాహ్నం. చిన్నమ్మ బట్టలు ఆరేయడానికి పైకొస్తూ ఆగింది. ఒక చీర అందుకుని తిరగేసింది.

"మగ్గం చీర అయితే పువ్వు రెండు దిక్కుల ఒక్కతీరే ఉంటది. గిది అచ్చు కొట్టింది. నీకు ఎరుకనా?"

"తెలుసు."

"ఎరుకుండే కడుతున్నవా?"

నేను చేతిలో టేపు కింద పెట్టేశాను. ఆమె తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. మెట్టు మీద నా పక్కనే కూర్చుంది. నాకు ఏడుపు ఆగలేదు. "నేనేం చెయ్యను పిన్నిగారూ, నాకెవరూ తెలియదు ఇక్కడ" అన్నాను. ఏడుపులో పాత పిలుపే వచ్చేసింది.

"నేను ఎరుక గద" అంది. "ముఖం కడుక్కో. రేపు పొద్దుగాల మా ఊరికి పోదాం."

ఆ వారం బస్సులు లేవు. ఆమెకు మోకాళ్ల నొప్పులు. అయినా ఆటోలు మారుతూ ఎల్బీనగర్ మీదుగా హయత్‌నగర్ దాటాం. అక్కడ హైవే మొత్తం ఆగిపోయి ఉంది. రోడ్డు మధ్యలో పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. నినాదాలు, పాటలు. నోరు తెరిస్తే నా యాస బయటపడుతుందని కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. చిన్నమ్మ నేరుగా పోయి అందరితో పాటు నేల మీద కూర్చుని, చెయ్యెత్తి గట్టిగా "జై తెలంగాణ" అంది. అన్నం వడ్డిస్తున్న మనిషి నన్ను చూసి "ఏ ఊరక్కా?" అన్నాడు.

నేను కొంగు తీసేలోపే ఆమే చెప్పింది. "గుంటూరామె. మా ఇంట్ల కిరాయికుంటది. మోసపోయింది. మనోళ్ల దగ్గర చీరలు ఇప్పిద్దామని తోల్కపోతున్న."

అతను నా విస్తరిలో ఇంకో గరిటెడు పప్పు పోసి, "తిను అక్కా, దారి ఇడిసేటాలకు సాయంత్రమైతది" అన్నాడు. కానీ సాయంత్రం దాకా ఆగనివ్వకుండా అతనే ఓ పాల వ్యాను మాట్లాడి మమ్మల్ని ఎక్కించాడు.

ఊళ్లో మాత్రం ఎవరూ చీర చేతికివ్వలేదు. మూడిళ్లు తిరిగాం. "మనిషి కనవడని దుకాణానికి చీర ఎట్ల ఇయ్యాలె?" అన్నారు. నేను నీరుగారిపోయి అరుగు మీద కూలబడ్డాను. "మీ వాళ్లే నమ్మడం లేదు" అన్నాను నిష్ఠూరంగా.

చిన్నమ్మకు ఆ రోజు మొదటిసారి కోపం వచ్చింది. "నమ్మకమైనోళ్లు కావాల్నని తిరుగుతున్నవ్. నువ్వు నమ్మకమైనదానివని వాళ్లకెట్ల తెల్వాలె? నిన్న మెట్ల మీద నేను చూడకుంటే ఏం చేస్తుంటివి?"

ఆ మాట ఇన్నేళ్లయినా నాలో అలాగే ఉంది.

నాలుగో ఇంట్లో ఓ ముసలి నేతగాడు, ఆయన భార్య. నేనేమీ అడగలేదు. చూపడానికని వెంట తెచ్చిన నకిలీ చీర సంచిలోంచి తీసి వాళ్ల ముందు పరిచి, జరిగిందంతా చెప్పాను. దాన్నే మళ్లీ అమ్మబోయానన్నది కూడా. ముసలాయన చీర మీద చెయ్యి పెట్టి కదలకుండా కూర్చున్నాడు. ఆయన భార్యే మెల్లగా అంది, "గిది మా పువ్వే. పోయినేడు పట్నం నుంచి ఒకడొచ్చి ఫోటోలు తీస్కపోయిండు. చీరలు కొంటనన్నడు. మళ్ల రాలే."

ఆ ఫోటోలు చూసి అచ్చు కొట్టించి, నన్ను ముంచినవాడే వాళ్లనూ ముంచాడు. ముసలాయన లేచి లోపలికెళ్లాడు. బందుల వల్ల షావుకార్లు రాక మగ్గం దిగిన చీరలు ఇంట్లోనే పడున్నాయి. నాలుగు తెచ్చి చిన్నమ్మ ఒళ్లో పెట్టాడు, నా చేతికి కాదు. "నీ మాట మీద ఇస్తున్న చెల్లె" అన్నాడు. ఆ మాట పక్కిళ్లకు పాకి, మూడిళ్ల నుంచి తలా ఒకటి వచ్చాయి.

ఏడు. కావలసినవి పన్నెండు. రంగులూ వేరు. "ఆమెకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పు" అంది చిన్నమ్మ. ఆ వాకిట్లోంచే బెంగళూరుకు చేశాను. "ఏడు పంపండి. మిగతావాళ్లకు తర్వాత పెడతాను. ఇంతవరకు ఏ దుకాణంవాళ్లూ ఇలా నిజం చెప్పలేదు" అందావిడ. ఫోన్ పెట్టేసి చూస్తే చిన్నమ్మ కళ్లు తుడుచుకుంటోంది.

నా దుకాణం పెద్దదేమీ కాలేదు. కానీ మూతపడలేదు. ఇప్పటికీ ఆ నాలుగు గడపల నుంచే తెస్తాను. కొత్తవాళ్ల నంబరు ఎప్పుడు చూపించినా చిన్నమ్మ ఒకటే అడిగేది. "ఇంటికి రమ్మన్నడా? ఇంటికి రమ్మననోని దగ్గర ఏం కొంటవ్?"

ఆమె కోరినట్టే ఊరికి తీసుకెళ్లారు. కబురు చేరేసరికే ఆ వీధిలో ఒకరు పడుగుకు, మగ్గం మీది నిలువు దారాలకు, గంజి పెట్టేశారు. ఆరేదాకా విప్పకూడని నూలు అది. ఎరుపు, నలుపు దారాలు వీధి పొడుగునా దారికి అడ్డుగా సాగి ఉన్నాయి. పాడె వచ్చి దాని ముందు ఆగింది. ఇళ్లలోంచి ఆడవాళ్లూ మగవాళ్లూ వచ్చి రెండు వైపులా నిలబడి, పడుగును తలల పైకి ఎత్తి పట్టుకున్నారు. నేనూ వెళ్లి ఒక చివర పట్టుకున్నాను. ఆ తడి దారాల కింద నుంచి చిన్నమ్మ మెల్లగా వెళ్లిపోయింది. ఆమె మీది బంతిపూలపై గంజి నీళ్లు చుక్కలు చుక్కలుగా రాలాయి.