విజయరంగన్ చెయ్యి పెట్టి చూసిన బండి

కోసపాళయంలో విజయరంగన్ షెడ్డుకు బోర్డు లేదు. ఎప్పుడో ఒకటి పెట్టించాడు. ఉప్పుగాలికి తుప్పు పట్టి రాలిపోతే మళ్ళీ పెట్టించే పని పెట్టుకోలేదు. స్టీరింగు ఒక పక్కకు లాగినా, గుంతలో పడ్డప్పుడు బండి కింద దడదడమన్నా జనం దారి అడక్కుండానే అక్కడికి వచ్చేవారు. షాక్ అబ్జార్బర్లు, రబ్బరు బుష్‌లు, జాయింట్లు, అదే అతని లోకం. ఇంజను చూడమంటే మొహం తిప్పుకుని, అది వేరేవాళ్ళ పని అనేవాడు. పొగరు అతనికి మొదట్నుంచీ ఉంది. పనిమంతుడు కాబట్టి ఊరు భరించింది.

అతని పద్ధతి అతనిది. బండి తెచ్చినవాడు చెప్పేది సగమే వినేవాడు. వాణ్ణి సీట్లో కూర్చోబెట్టి, స్టీరింగు కొంచెం కొంచెంగా అటూ ఇటూ ఆడించమనేవాడు. తాను చక్రం పక్కన నేలమీద పడుకుని ఒక్కో జాయింటు మీదా అరచెయ్యి ఆనించేవాడు. అరిగిన జాయింటు లోపల గుండు వదులుగా కదులుతుంది. ఆ కదలిక చాలాసార్లు కంటికి కనపడదు, చెవికి వినపడదు, చేతికి మాత్రం టిక్కుమని తగులుతుంది. తగిలిందా, లేచి చెయ్యి తుడుచుకుని ఆ జాయింటు పేరు చెప్పేవాడు. ఆ తర్వాతే జాకీ, ఆ తర్వాతే స్పానరు.

ఆ చెయ్యి పోయింది. మొదట వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కాయి. తర్వాత ఒకనాడు పొయ్యిమీది చారుగిన్నెను గుడ్డ లేకుండా దించి, తీరిగ్గా గట్టుమీద పెట్టాడు. భార్య మీనాంబాళ్ పరుగున వచ్చి అతని అరచేతులు తిప్పి చూసింది. తోలు తెల్లగా ఉబ్బి ఉంది.

"మీకు కాలలేదా?"

"కొంచెం కాలినట్టే ఉండాది."

అతని చేతికి ఆ వేడే తగల్లేదని ఆమెకు తెలిసిపోయింది. షుగరు వల్ల నరాలు చచ్చిపోయాయని, ఇక తిరిగి రావని డాక్టరు చెప్పాడు.

"షెడ్డుకొచ్చేవాళ్ళకు చెప్పేయండి," అంది మీనాంబాళ్. "కండ్లతో చూసి చేసే పనులు యాడన్నా దొరకవా?"

"చెప్తాలే," అన్నాడు.

చెప్పలేదు. ఇన్నాళ్ళూ చేతిని చూసే కదా జనం వచ్చారు, అది పోయిందని తెలిస్తే ఎందుకొస్తారు? పైగా అతనికి ఒక దొంగదారి దొరికింది. ఎప్పట్లాగే పడుకునేవాడు, జాయింటు మీద చెయ్యి ఆనించి పెద్దమనిషిలా తలాడించేవాడు. తర్వాత జాకీతో చక్రం లేపి, ఇనుప కమ్మీతో జాయింటును పైకి మీటి, కదిలిన సందును కంటితో చూసి అప్పుడు పేరు చెప్పేవాడు. చెయ్యి వేషం వేసేది, కమ్మీ నిజం చెప్పేది. పని తప్పలేదు, ఎవరూ కనిపెట్టలేదు. కొన్నాళ్ళకు తనకేమీ కాలేదని తానే నమ్మే స్థితికి వచ్చాడు.

ఆయుధపూజ నాడు ఆ జాకీ, ఆ కమ్మీ కూడా దేవుడి ముందుకు పోయాయి. సామానంతా కడిగి, గంధం కుంకుమ పెట్టి, పటం ముందు పేర్చాడు. పూజలో పెట్టిన పనిముట్టును మర్నాడు విజయదశమి పొద్దున దాకా ముట్టకూడదు. ఏ కట్టుబాటు తప్పినా విజయరంగన్ ఇది మాత్రం తప్పడు.

ఆ రోజు దూరపు చుట్టం నరసింహన్ తన వ్యాను తెచ్చాడు. వైతికుప్పంలో పడవల దగ్గర చేపలెత్తుకుని మార్కెట్టుకు తోలే వ్యాను అది. ఐసు కరిగిన ఉప్పునీళ్ళు రోజూ కారి కారి దాని అడుగంతా తుప్పు తినేసింది. ప్రతి ఏడూ పూజకు ఈ షెడ్డుకే తెస్తాడు. గుమ్మడికాయ కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు నలిపారు, చుట్టుపక్కలవాళ్ళకు బొరుగులూ శెనగలూ పంచారు.

"మామా, ఎడం పక్కకు తిప్పితే టక్కుమంటా ఉండాది," అన్నాడు నరసింహన్. "స్టీరింగూ ఒదులైంది. ఏందో చూస్తావా?"

"ఈ దినం సామాను తీసేది లేదురా."

"సామానెందుకు మామా నీకు? చెయ్యి పెట్టి చూడు, చాలు."

బొరుగులు నములుతున్న జనమంతా అటు తిరిగారు. బండి ఇక్కడే ఉంచి పో, రేపు చూస్తాను అంటే సరిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ చెయ్యి పెట్టడానికేం అడ్డమని ఎవడో ఒకడు అడుగుతాడు. కొత్త పంచె ఎగగట్టి నేలమీద పడుకున్నాడు.

"ఆడించు."

నరసింహన్ స్టీరింగు ఆడించాడు. విజయరంగన్ ఎడమ చక్రాన్ని స్టీరింగుకు కలిపే టై రాడ్ జాయింటు మీద అరచెయ్యి ఆనించాడు. ఏమీ తెలియలేదు. జాయింటు బాగుండి తెలియలేదా, చెయ్యి చచ్చి తెలియలేదా? అయినా లేచి, ఎప్పట్లాగే చెయ్యి తుడుచుకున్నాడు.

"జాయింట్లు బాగుండాయి. అది స్ప్రింగు బుష్ సౌండు. రేపు సాయంత్రం తీసుకురా, మారుస్తా."

మర్నాడు పొద్దున దణ్ణం పెట్టుకుని పటం ముందు నుంచి జాకీ తీస్తుండగా కబురొచ్చింది. చేపల లోడుతో మలుపు తిరుగుతుంటే వ్యాను ఎడమ చక్రం తన దారిన తాను తిరిగిపోయింది. వ్యాను కాలువ గోడకు కొట్టుకుంది. నలిగిన రేకులు కోసి నరసింహన్ కాలును బయటికి తీశారట.

విజయరంగన్ ముందు వ్యాను దగ్గరికే వెళ్ళాడు. ఎడమ టై రాడ్ ఊడి వేలాడుతోంది. జాయింటులో గుండు కూర్చునే గుంత అరిగి అరిగి ఒక పక్కకు సాగిపోయి ఉంది. అది ఒక్కరోజులో అరిగింది కాదు. ప్రాణమున్న చెయ్యి ఏదైనా ఆనించగానే చెప్పి ఉండేది. రోడ్డంతా చెదిరిన చేపల మధ్య నిలబడి, తనమీద తనకే అసహ్యం వేసి ఏడ్చాడు.

"ఇప్పుడన్నా వానికి చెప్పండి," అంది మీనాంబాళ్ ఆసుపత్రి మెట్ల మీద. చెప్పాలనే లోపలికి వెళ్ళాడు.

నరసింహన్ మంచం మీద వెల్లకిలా ఉన్నాడు. మోకాలి కింద కట్టు, కట్టు కింద పాదం మాత్రం బయటికి ఉంది.

"ఉప్పునీళ్ళు తినేసినాయి మామా," అన్నాడు ముందే. "నువ్వు చూసినాంక ఊడిందంటే ఇంకెవరు మాత్రం ఏం చేస్తారు?"

"నరసింహా, నా చేతుల్లో..."

"అదుండనీ మామా." నరసింహన్ కట్టు కిందికి చూపించాడు. "పాదానికి రక్తం పారేది లేదంట. సల్లబడిపోతే కాలు తీసేస్తారంట. వీళ్ళు నిజం చెప్తారో లేదో. నువ్వు చెయ్యి పెట్టి చూడు. వెచ్చగుండాదా?"

విజయరంగన్ ఆ పాదాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. నరసింహన్ కళ్ళార్పకుండా అతని మొహం వైపే చూస్తున్నాడు.

"వెచ్చగానే ఉండాదిరా," అన్నాడు విజయరంగన్.

నరసింహన్ ఊపిరి వదిలి కళ్ళు మూసుకున్నాడు. మీనాంబాళ్ ముందుకొచ్చి తానూ ఆ పాదాన్ని ముట్టుకుంది. ఐసు తగిలినట్టు వెంటనే చెయ్యి వెనక్కి తీసుకుని, దుప్పటి కప్పి, గోడవైపు తిరిగింది.